శుభలేఖ వెనక కామేహామేహా

హైదరాబాదులో పెళ్ళికార్డు అచ్చు వేయించాలంటే మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఛత్తా బజారుకే వెళ్ళేవాళ్ళు. పాతబస్తీలో ఆ సందు నిండా ప్రెస్సులే. ఉర్దూ కార్డులు, తెలుగు శుభలేఖలు, షాపుల రసీదు పుస్తకాలు, అన్నీ అక్కడే. 2002 వేసవిలో ఒక మధ్యాహ్నం నేనూ, మా పై పోర్షన్ వెజిటా గాడూ (డ్రాగన్ బాల్ అనే కార్టూన్లోంచి వాడికి అంటుకున్న పేరు) ఆ సందులో కటింగ్ మెషీను ముందు నిలబడి ఉన్నాం. నాకప్పుడు పన్నెండేళ్ళు. కత్తి దిగినప్పుడల్లా అట్టల కట్ట అంచు సన్నటి పట్టీలుగా తెగి నేలమీద పడుతోంది. ఆ పడేవాటి కోసమే మేం చిక్కడపల్లి నుంచి బస్సెక్కి వచ్చాం.

మెషీను మీదున్నాయన మా వంక చూసి, "ఎవరి లగ్గం పిలగా?" అన్నాడు.

"లగ్గం కాదు చాచా, కార్డులాట."

"అరె, పత్తాలా? గింతున్నరు, అప్పుడే పత్తాలాడ్తరా?"

పేకాట కాదని చెప్పడానికి వెజిటా జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడు. జుట్టు నిక్కబొడుచుకుని పళ్ళు బిగించిన మనిషి బొమ్మ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గోరుతో అంచు నొక్కి చూసి, "మాల్ మంచిదే" అన్నాడు. బొమ్మ సంగతి అడగలేదు. కింద పడ్డ పట్టీలు మాకు పనికిరావని ఆయనే తేల్చి, మూలనుంచి ఒక కట్ట లాగాడు. మెరూన్ రంగు అట్ట, లోపలి వైపు అచ్చు. పెళ్ళికొడుకు పేరు తప్పు పడిందని వెనక్కొచ్చిన శుభలేఖలు. మా కార్డు మీద స్కేలు పెట్టాడు. రెండున్నర ఇంచీలు, మూడున్నర ఇంచీలు. నాలుగుసార్లు కత్తి దించేసరికి మా చేతిలో ఇటుకంత కట్ట. కటింగుకి పది రూపాయలు తీసుకున్నాడు, అట్ట ఉత్తినే ఇచ్చాడు. వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాం, ఎవరి ఒళ్ళో ఎంతసేపన్నది కూడా లెక్కే.

అసలు ఈ కార్డుల పిచ్చి మాకు దానికంటే ముందే ఉంది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీవాళ్ళ ట్రంప్ కార్డులు ఆడని వాడెవడు మా తరంలో? ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచినవి. యోకొజూనా వస్తే బరువు చెప్పడం, చిన్న ర్యాంకు వస్తే ర్యాంకు చెప్పడం. అందులో బుర్రకి పనేమీ లేదు, అంకెలు కంఠతా వస్తే చాలు. ఆరో తరగతికొచ్చేసరికి మాకు అన్నీ కంఠతా వచ్చేసి, కార్డు వెనకవైపు మడత చూసే ఎవడిదగ్గర ఏముందో చెప్పేవాళ్ళం. ఆట అక్కడితో చచ్చిపోయింది.

సరిగ్గా అప్పుడు మా మేనమామ కొడుకు డల్లాస్ నుంచి సెలవులకి దిగాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, వరసకి బావ. సూట్‌కేసులో రెండు స్టార్టర్ డెక్కులు, అంటే ఆట మొదలెట్టడానికి సరిపడే కట్టలు, పైన కలుపుకోవడానికి కొన్ని బూస్టర్ ప్యాకెట్లు. డ్రాగన్ బాల్ జీ అనే జపాను కార్టూన్ సీరియల్ మీద కట్టిన కార్డ్ గేమ్. అమెరికాలో స్కోర్ అనే కంపెనీ 2000లో మొదలుపెట్టింది. కార్టూన్ నెట్‌వర్క్‌లో ఆ సీరియల్ వస్తుంటే వీధిలో క్రికెట్ ఆగిపోయే రోజులు. అందులో హీరో గోకూ ఎనర్జీ విసిరేటప్పుడు చేసినట్టు రెండు అరచేతులూ నడుం పక్కకి చేర్చి "కామే... హామే..." అని అరవని పిల్లాడు మా గల్లీలో లేడు. ఆ మాట హవాయి రాజు పేరని, జపాను భాషలో కామే అంటే తాబేలని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. టీవీలో తోకున్న పిల్లాణ్ణి చూసి మా నాయనమ్మ "ఆంజనేయస్వామి కథేనట్రా?" అని అడిగితే నవ్వుకున్నాం గానీ, ఆవిడ మరీ తప్పేం అనలేదు. ఆ కథ వేళ్ళు చైనావాళ్ళ పాత కోతిరాజు కథలో ఉన్నాయి.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. ప్రతివాడికీ ఒక నాయకుడు ఉంటాడు. గోకూ, గోహాన్, పికోలో, క్రిల్లిన్, వెజిటా, నప్పా, ఇలా. నాయకుడి కార్డు మీద పవర్ మెట్లు సున్నా కాక పది. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలియడానికి దానిమీద ఇంకో కార్డు జరుపుతూ ఉంటాం. మిగతా కట్టంతా మన ప్రాణం. దెబ్బ తగిలితే ముందు మెట్లు దిగుతాం, సున్నాకి చేరాక మిగిలిన దెబ్బకి కట్టమీంచి ముక్కలు పోతాయి. కట్ట ఖాళీ అయితే చచ్చినట్టే. గెలవడానికి ఇంకో రెండు దార్లున్నాయి. కోపం లెక్క ఐదుకి చేరినప్పుడల్లా నాయకుడు ఒక స్థాయి పైకి వెళ్తాడు, ఆఖరి స్థాయికి ముందు చేరినవాడు గెలిచినట్టు. లేదా కార్డుల్లో ఉండే ఏడు డ్రాగన్ బంతులూ పోగెయ్యాలి.

ఇందులో కుస్తీపట్లలాగా శైలులు ఉన్నాయి. ఎరుపు శైలికి కోపం పెంచడం, నీలానికి కాచుకోవడం, ఆరెంజ్‌కి దూరంనుంచి ఎనర్జీ విసరడం, నలుపుకి ఎదుటివాడి ముక్కలు పీకెయ్యడం, సైయన్‌కి గుద్దులు, నమెక్‌కి పోయిన ముక్కలు వెనక్కి తెచ్చుకోవడం. కట్టంతా ఒకే శైలితో కడతానని ముందే చెప్పుకుంటే దానికి కొంత అదనపు లాభం. కరాటే క్లాసులో ఎల్లో బెల్టు వచ్చిన వెజిటా ఈ శైలుల మీద మాకు ఉపన్యాసాలిచ్చేవాడు. వాడికి తెలిసిన కరాటే అంతా పాత మ్యాట్ మీద వరసలో నిలబడి గాల్లో గుద్దడమే, అయినా బెల్టు బెల్టే.

బావ ఐదు వారాలుండి, వెళ్తూ వెళ్తూ గోకూని మాత్రం జేబులో వేసుకుని మిగతావి మా ఐదుగురికీ చీటీలు వేసి పంచేశాడు. మా పేర్లు ఆరోజుతో పోయాయి. నేను గోహాన్. పైనున్నవాడు వెజిటా. మాలో లావుపాటివాడు అడక్కుండానే నప్పా. ఎక్కువ మాట్లాడనివాడు పికోలో. అప్పుడే తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చినవాడికి క్రిల్లిన్ తప్పలేదు. వాడు ఏడ్చినంత పని చేశాడు. క్రిల్లిన్ పవర్ తక్కువ, మిగతావాళ్ళ పక్కన ఎందుకూ ఆనడు.

ఐదుగురికి రెండు కట్టలేం సరిపోతాయి? అందుకని జిరాక్సు. గాజు మీద తొమ్మిది కార్డులు పేర్చి మూత వేస్తే ఒక పేజీ. చిక్కేమిటంటే రంగు జిరాక్సు మా తాహతు కాదు. మామూలు జిరాక్సులో ఎరుపు, నీలం, ఆరెంజ్ అన్నీ ఒకే బూడిద రంగు. అంచులకి స్కెచ్ పెన్నుతో మళ్ళీ రంగు వేసుకునేవాళ్ళం. మొదట్లో ఇంట్లో పడి ఉన్న శుభలేఖలు కత్తిరించి వాటిమీద అంటించాం. కానీ ఒక్కొక్క పెళ్ళిది ఒక్కొక్క రంగు. వెనకనుంచి పసుపు మరక కనిపిస్తే చాలు, "ఒరే, వాడి చేతిలో శెన్‌జూ బీన్ ఉంది" అని నప్పా అరిచేవాడు. అది ఆ కథలో తింటే ఒంట్లో బలం తిరిగొచ్చే గింజ. అందుకే ఛత్తా బజారు దాకా వెళ్ళాల్సొచ్చింది. ఇలాంటి నకలు ముక్కల్ని ప్రాక్సీలు అంటారనీ, పోటీల్లో ఒప్పుకోరనీ తర్వాత తెలిసింది.

జిరాక్సుకీ మాకొక చట్టం ఉండేది. అసలు కార్డు ఎవడి దగ్గరుందో దానికి నకలు తీసే హక్కు వాడిదే. ఒక్క కట్టలో ఒక్కో ముక్క మూడుకి మించి ఉండకూడదని ఆట రూలు, కాబట్టి వాడు ఇస్తే మూడే ఇస్తాడు. కంపెనీవాళ్ళ సొత్తు మొత్తం నకలు కొడుతూ మాలో మాకు హక్కుల గురించి ఎన్ని తగాదాలో! పికోలో గాడు రెండు రోజులు మాట్లాడడం మానేశాడు, వాడు మామూలుగానే మాట్లాడడు కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఇక్కడే మా కథలో పెద్ద పొరపాటు జరిగింది. రూల్సు పుస్తకం ఒక్కటే. బావకి మామిడి తాండ్ర అంటే ప్రాణం, తింటూ చదివేవాడు. రెండు పేజీలు అతుక్కుపోయాయి. పేజీ నంబర్లు ఎవడు చూస్తాడు? మేం దాన్ని ఒకే పేజీ అనుకున్నాం. ఆ లోపల ఏముందో తెలియక నెలరోజులకి పైగా ఎనర్జీ దెబ్బలు ఉచితం అనుకుని ఆడాం. ఎనర్జీ దెబ్బ తగిలితే నేరుగా నాలుగు ముక్కలు పోతాయి. ఉత్తినే వస్తుంటే గుద్దులు ఎవడిక్కావాలి? ఆరెంజ్ కార్డుల ధర ఆకాశానికెక్కింది. సైయన్ శైలి గుద్దులన్నీ చెత్త. నేను మూడు సైయన్ అసలు కార్డులిచ్చి ఒక మెరుపు కార్డు తెచ్చుకున్నాను నప్పా దగ్గర. నన్ను చూసి మిగతావాళ్ళూ తమ గుద్దులన్నీ వాడికే అంటగట్టారు. వాడు ఎందుకు తీసుకున్నాడో ఇప్పటికీ తెలీదు. "బొమ్మలు బాగున్నాయి" అన్నాడు.

మేం డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో ఆడేవాళ్ళం. ట్యాంకుకి అవతలివైపు మా తాతయ్య పడక్కుర్చీ. ఏజీ ఆఫీసులో ఆడిట్ చేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు నలుగురు స్నేహితులతో పదమూడు ముక్కల రమ్మీ. డబ్బుండేది కాదు, పాయింట్లు మాత్రం పాత లెడ్జరులో నెలలవారీగా రాసుండేవి. మా ఆట పది రోజులు చూసి ఒకరోజు అడిగాడు.

"ఒరే, ప్రతిసారీ వాడిమీద పడిపోతావేంట్రా? చేతిలో ఏమన్నా ఉందా?"

"లేదు తాతయ్యా. కానీ అటాక్ చెయ్యాలి కదా."

"చెయ్యాలని ఎక్కడుంది? స్కూటు లేదా మీ ఆటలో?"

లేదన్నాను. ఆయన నమ్మలేదు. స్కూటు, అంటే ముక్కలు బాగోకపోతే ఆ ఆట వదిలేసుకోవడం, అది లేని ముక్కలాట ఉండదని ఆయన లెక్క. పుస్తకం తెమ్మన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు, చేతిలో పెన్సిలు. అతుక్కున్న చోటికొచ్చి ఆగాడు. "పదిహేను తర్వాత పద్దెనిమిది ఎట్లా వస్తుందిరా?"

మా తాతయ్యకి ముద్ర పడని స్టాంపులు కవరుమీంచి ఊడదీసే అలవాటుంది. వంటింట్లో టీగిన్నె ఆవిరి మీద కవరు పట్టుకునేవాడు. నాయనమ్మ టీ పెట్టేదాకా ఆగి, పుస్తకాన్ని అలాగే ఆవిరి మీద పట్టాడు. ఐదుగురం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. ముందు అంచు మెత్తబడింది. తాండ్ర వాసన గుప్పుమంది. వెన్న కత్తి దూర్చి, ఊదుతూ, వేలెడు వేలెడు చొప్పున విడదీశాడు. ఒక మూల చిరిగింది గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు.

బయటికి చదివాడు. ఎనర్జీ దెబ్బ విసరాలంటే రెండు పవర్ మెట్లు ఖర్చు.

ఎవరూ మాట్లాడలేదు. నప్పా మాత్రం మెల్లిగా కట్ట తీసి తన సైయన్ ముక్కలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు ఎనర్జీ దెబ్బలు విసిరితే నాలుగు మెట్లు కిందికి. గుద్దు బలం ఇద్దరి పవర్ ఎంతుందో పోల్చి పట్టిక చూసి లెక్కగట్టాలి. నీరసించి కింద ఉన్నవాణ్ణి పైనున్నవాడు గుద్దితే తట్టుకోవడం కష్టం. గుద్దులన్నీ వాడి దగ్గర. ఆ వారం మమ్మల్నందర్నీ చితక్కొట్టాడు. నా మెరుపు కార్డు వెనక్కిస్తానంటే, "వద్దులే, నువ్వే ఉంచుకో, మెరుస్తుంది" అన్నాడు.

ఆ పేజీల్లో ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని తాతయ్య ఒక్కడే పట్టుకున్నాడు. మన వంతులో యుద్ధం ప్రకటించకుండా ఊరుకోవచ్చు. ప్రకటిస్తే ఎదుటివాడు కాచుకోవడానికి తన కట్టమీంచి మూడు ముక్కలు లాక్కుంటాడు. ప్రకటించకపోతే వాడికా మూడూ రావు, పైగా మనం పారేసిన ముక్కల్లో పైది తీసి ప్రాణాల కట్ట అడుగున పెట్టుకోవచ్చు. "ఇదిగో, స్కూటు" అన్నాడు తాతయ్య. "చూశావా? రమ్మీలో స్కూటుకి పాయింట్లు పోతాయి. వీళ్ళు మనకే ఎదురు ముక్క ఇస్తున్నారు. ఇది తెలిసి కూడా రోజూ కొట్టుకుచచ్చేవాణ్ణి ఏమనాలి?"

అప్పుడు తనూ ఆడతానన్నాడు. ఎవర్ని తీసుకుంటావంటే క్రిల్లిన్ని చూపించాడు. "వీడికీ నాకూ గుండే కదా." అసలు క్రిల్లిన్‌కి అప్పటికి జుట్టు మొలిచింది, సంతోషంగా ఇచ్చేశాడు.

తాతయ్య ఆట చూడ్డానికి మహా విసుగ్గా ఉండేది. వంతు వస్తుంది, మూడు ముక్కలు లాగుతాడు, ఉంటే ఒక బంతి కింద పెడతాడు, "స్కూట్" అంటాడు. అంతే. మేం మీద పడితే నీలం ముక్కలతో కాచుకుంటాడు. వంతు చివర చేతిలో ఒక్క ముక్కే మిగుల్చుకోవాలి, మిగతావి పారెయ్యాలి. మేం పారేసేవి మేమే చూసుకునేవాళ్ళం కాదు. ఆయన చూపంతా అక్కడే. "రమ్మీకి రెండు పేకలు, ప్రతి ముక్కా రెండుసార్లొస్తుంది. ఇక్కడ మూడుసార్లు. అంతేగా తేడా" అనేవాడు. వెజిటా దగ్గర ఎనర్జీని ఆపే ముక్కలు మూడూ పోయాయని వెజిటాకంటే ముందు ఆయనకి తెలిసేది. అప్పుడు మాత్రం స్కూటు అనేవాడు కాదు. కుర్చీలో కొంచెం ముందుకి జరిగి, కళ్ళద్దాలు సర్దుకుని, "యుద్ధం" అనేవాడు. అలా నిమ్మళంగా అంటే మాకు భయం వేసేది.

ఒక్క దెబ్బకి ఐదు ముక్కలో అంతకంటే ఎక్కువో పోగొడితే ఎదుటివాడి బంతి ఒకటి లాక్కోవచ్చు. కాబట్టి బంతులు పోగేసేవాడు పెద్ద దెబ్బల్ని కాచుకుని, చిన్న దెబ్బలకి ఒళ్ళప్పగించాలి. నాలుగు ముక్కలు పోయేచోట ఆయన చేతిలో అడ్డుకునే ముక్క ఉన్నా వాడేవాడు కాదు. మేం నాలుగూ పడ్డాయని గంతులేసేవాళ్ళం. ఏడో బంతి పెట్టాకగానీ అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం ఒక సలహా ఇచ్చాడు. "ముక్క చూడగానే నీ మొహం సంక్రాంతి ముగ్గులా విచ్చుకుంటోందిరా. మంచి ముక్కొచ్చినప్పుడు నిన్న తిన్న కాకరకాయ కూర తలుచుకో." ఇంటర్వ్యూల్లో, ఇల్లు బేరమాడేటప్పుడు నేనిప్పటికీ కాకరకాయ తలుచుకుంటాను.

నాన్న ఒకరోజు ఆఫీసునుంచి తొందరగా వచ్చి డాబా ఎక్కాడు. చాపమీద గుండ్రంగా ఐదుగురు పిల్లలు, మధ్యలో తండ్రి, అందరి చేతుల్లో ముక్కలు. మా ఇంట్లో తాతయ్య రమ్మీ అంటే నాన్నకి మొదట్నుంచీ గిట్టదు. "నాన్నా, మీరు వీళ్ళక్కూడా నేర్పిస్తున్నారా?" అన్నాడు. తాతయ్య ముక్కలు ఛాతీకి ఆనించి దాచుకుని, "ఇది పేకాట కాదురా, కుంగ్‌ఫూ" అన్నాడు. నాన్న ఒక ముక్క తీసి చూశాడు. ఒక వైపు గుద్దుతున్న మనిషి. జిరాక్సు ఊడిన మూలలో "చి.ల.సౌ." అన్న అచ్చు. ఏమనాలో తోచక కిందికి దిగిపోయాడు. రాత్రి అన్నాల దగ్గర ఎక్కాలు అడిగాడు, పందొమ్మిదో ఎక్కం దాకా.

ఆ తర్వాత రెండు వేసవులు ఆడాం. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య ఎక్కడన్నా అసలు కార్డు దొరుకుతుందేమోనని మోకాళ్ళమీద కూచుని వెతికేవాళ్ళం. ఒక్కటీ దొరకలేదు. తర్వాత తొమ్మిదో తరగతి, కోచింగులు. నప్పా వాళ్ళు కూకట్‌పల్లి మారిపోయారు. ఆ ఆటని స్కోర్ కంపెనీ కూడా కొన్నేళ్ళకి ఆపేసింది. 2014లో పానిని అనే ఇంకో కంపెనీవాళ్ళు కొత్తగా మళ్ళీ తెచ్చి రెండేళ్ళకే ముగించేశారు. మా కట్టలు ఎప్పుడు, ఎలా పోయాయో నాకు గుర్తులేదు. ఇల్లు అపార్టుమెంటుకిచ్చినప్పుడు ఏ పాతసామాన్లవాడి సంచిలోకో వెళ్ళుంటాయి.

2024 మార్చిలో డ్రాగన్ బాల్ గీసిన తొరియామా అకిరా పోయాడని వార్తొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళట. పన్నెండేళ్ళుగా మాట్లాడని పికోలో ఫోన్ చేశాడు. "ఉన్నావా?" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని ఉన్నాం. వాడితో అది కొత్తేం కాదు.

ఆ వారమే నల్లకుంటలో తాతయ్య రమ్మీ జట్టులో మిగిలిన ఒక్క స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళాను. తొంభై దాటాయి. తాతయ్య పోయాక వాళ్ళ పేకలు ఈయన దగ్గరే ఉండిపోయాయి. సొరుగులోంచి రబ్బరుబ్యాండు వేసిన కట్టలు తీసి నా చేతిలో పెట్టాడు. తిరగేస్తుంటే మధ్యలో ఒకటి మందంగా తగిలింది. మెరూన్ అట్ట. తిప్పి చూస్తే క్రిల్లిన్. నారింజ రంగు స్కెచ్ పెన్ను వెలిసిపోయింది. తల మీద తాతయ్య చేతిరాతతో, తెలుగులో, జోకరు అని రాసుంది.

"అసలు జోకరు ఒకటి పోయిందిలే" అన్నాడాయన. "కొత్త పేక కొందామంటే మీ తాత ఒప్పుకోలేదు. పదేళ్ళు దీంతోనే లాగించాం."

"కానీ తాతగారూ, వెనక రంగు వేరు కదా? ఎవరికి జోకరొచ్చిందో అందరికీ తెలిసిపోయేది కదండీ?"

ఆయన బోసినోటితో పడీపడీ నవ్వాడు. "మీ తాతకొస్తే వెనకెందుకు చూడ్డం? మొహం చూస్తే చాలదూ!"